లినక్స్‌లో తెలుగు ఏ పేరుతో దొరుకుతుంది?



కంప్యూటర్ గురించి వ్యాసం అనగానే ఏ కోర్సు చేస్తే ఏ ఉద్యోగం వస్తుందో రాస్తారని చాలామంది అనుకుంటారు. అదీ అవసరమే. కానీ ఈసారి మేము వేరే విషయం ఎంచుకున్నాం. ఒక సాఫ్ట్‌వేర్‌కు పేరు ఎవరు పెడతారు, దాన్ని ఏ వర్గంలో వేస్తారు, ఆ పేరు వల్ల, ఆ వర్గం వల్ల మనకు ఒరిగేదేమిటి, పోయేదేమిటి అన్నదే ఆ విషయం.

"వర్గీకరణ", "కేటగిరీ" అన్న మాటలు మనకు కొత్త కాదు. హాస్టల్ సీటు దగ్గర్నుంచి స్కాలర్‌షిప్ దాకా ప్రతి దరఖాస్తులోనూ ఆ గడి నింపుతూనే పైకి వచ్చాం. ఏ గడిలో టిక్కు పడిందన్న దాన్ని బట్టి తలుపు తెరుచుకోవడమో మూసుకోవడమో జరుగుతుందని మనకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. కంప్యూటర్‌లోనూ అటువంటి గడులున్నాయి. తెలుగు అక్కడ ఏ గడిలో ఉందో, ఆ గడి మీద ఏ పేరు రాసి ఉందో ఈ వ్యాసంలో చూద్దాం.

లినక్స్ అంటే ఏమిటి? ప్యాకేజీ అంటే ఏమిటి?

కంప్యూటర్ ఆన్ చేయగానే యంత్రానికీ మనకూ మధ్య నిలబడి పని చేయించే ప్రధాన సాఫ్ట్‌వేర్‌ను ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. విండోస్ అలాంటిదే. లినక్స్ కూడా అలాంటిదే. అయితే లినక్స్ సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రామర్లు రాసిన అసలు రాత, అందరికీ తెరిచి ఉంటుంది. ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, పది మందికీ పంచవచ్చు. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ అనే ప్రాజెక్టును ప్రకటించారు. 1991లో ఫిన్లాండ్‌లో లైనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ల విద్యార్థి లినక్స్ కెర్నెల్‌ను రాశారు. ఆ రెండూ కలిసి నేటి వ్యవస్థ అయింది.

కెర్నెల్ ఒక్కటే ఉంటే పని జరగదు. ఉత్తరం రాసుకోవడానికి, పాట వినడానికి, ఇంటర్నెట్ చూడడానికి వేర్వేరు సాఫ్ట్‌వేర్లు కావాలి. వాటన్నిటినీ ఒకచోట చేర్చి, ఒకదానితో ఒకటి పొసిగేలా సరిచూసి అందించే కూర్పును డిస్ట్రిబ్యూషన్ అంటారు. 1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టిన డెబియన్ అలాంటిది. ఆ పేరు ఎలా వచ్చిందంటే, ఆయన స్నేహితురాలు డెబ్రా పేరూ తన పేరూ కలిపి పెట్టుకున్నారు. 2004లో వచ్చిన ఉబుంటు డెబియన్ మీద కట్టినదే. మన తెలుగువాళ్లు 2005లో తెలుగులో పని చేసే ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటి తెచ్చారు. దాని పేరు "స్వేచ్ఛ". ఈ పేరు గురించి చివర్లో మళ్లీ చెప్పుకుందాం.

మన హాస్టల్ సరుకుల గదిని ఊహించుకోండి. కందిపప్పు ఒక బస్తా, చింతపండు ఒక డబ్బా, కారం ఒక పొట్లం. ప్రతిదాని మీదా ఒక చీటీ. డిస్ట్రిబ్యూషన్ కూడా అలాంటి గదే. అందులో ఉండే ఒక్కొక్క పొట్లమే ప్యాకేజీ. మన రాష్ట్రంలో ప్యాకేజీ అనగానే వేరే ప్యాకేజీ గుర్తుకొస్తుంది కానీ, ఇది అది కాదు! ఈ పొట్లం మీద చీటీలో దాని పేరు, ఎన్నో వెర్షన్, పని చేయాలంటే తోడుగా ఇంకా ఏ పొట్లాలు కావాలి, ఏ అరలో ఉంటుంది, లోపల ఏముంది అన్న వివరాలుంటాయి. 2023 జూన్‌లో విడుదలైన డెబియన్ 12లో ఇలాంటి ప్యాకేజీలు 64 వేల పైచిలుకు ఉన్నాయి. 64 వేల పొట్లాలున్న గదిలో చీటీ సరిగా లేకపోతే, సరుకు ఉండీ లేనట్టే.

ఒకే తెలుగుకు మూడు పేర్లు

డెబియన్‌లో ప్యాకేజీ పేరుకు రాతపూర్వకమైన నియమాలున్నాయి. పేరులో ఇంగ్లీషు చిన్న అక్షరాలు, అంకెలు, కూడిక గుర్తు, అడ్డగీత, చుక్క మాత్రమే ఉండాలి. కనీసం రెండు అక్షరాలుండాలి. అక్షరంతో గానీ అంకెతో గానీ మొదలవ్వాలి. అంటే తెలుగు ప్యాకేజీ అయినా సరే, దాని పేరు తెలుగు లిపిలో రాయడానికి వీల్లేదు. ఈ వ్యాసంలో ఆ పేర్లను చదవడానికి వీలుగా తెలుగులో పలికినట్టు రాస్తున్నాం.

ఇప్పుడు తెలుగుకు సంబంధించినవి వెతుకుదాం. తెలుగు అక్షరాలు తెర మీద కనబడాలంటే "ఫాంట్స్-టెలు" అనే ప్యాకేజీ కావాలి. లిబ్రేఆఫీస్ మెనూలు తెలుగులో రావాలంటే "లిబ్రేఆఫీస్-ఎల్10ఎన్-టీఈ" కావాలి. అక్షరదోషాలు చూసే పట్టీ పేరు "ఆస్పెల్-టీఈ". తెలుగుకు కావలసిన ప్యాకేజీలను తెచ్చిపెట్టే కట్ట పేరు "టాస్క్-తెలుగు". గమనించారా? ఒకచోట "టెలు", ఒకచోట "టీఈ", ఇంకోచోట "తెలుగు". ఒకే భాషకు మూడు పేర్లు.

మధ్యలో ఆ "ఎల్10ఎన్" ఏమిటని అడగవచ్చు. లోకలైజేషన్ అన్న మాటను ఇంగ్లీషులో రాస్తే మొదటి అక్షరం ఎల్, చివరి అక్షరం ఎన్, మధ్యలో పది అక్షరాలు. పూర్తిగా రాయడానికి బద్ధకించి అలా కుదించారు. తెలుగులో టైపు చేయడానికి వాడే ప్యాకేజీ పేరు ఇంకా విచిత్రం: "ఐబస్-ఎం17ఎన్". అది ఏ బస్సూ కాదు. మల్టీలింగ్వలైజేషన్ అన్న మాటలో ఎం కీ ఎన్ కీ మధ్య 17 అక్షరాలున్నాయి కనుక ఎం17ఎన్. తెలుగు టైపింగ్‌కు దారి చూపే ఆ పేరులో తెలుగు అన్న మాటే లేదు.

దాని లోపలికి వెళితే తెలుగు కీబోర్డు పద్ధతుల జాబితా వస్తుంది. అందులో ఒకటి "ఆర్‌టీఎస్". ఇంగ్లీషు అక్షరాలతో తెలుగును రాసే పద్ధతి ఇది. అమెరికాలో హ్యూస్టన్ నగరంలోని రైస్ విశ్వవిద్యాలయంలో చదువుకున్న తెలుగువాళ్లు దీన్ని రూపొందించారు. అందుకని అందులో ఆర్ అంటే రైస్. ఆ సంగతి తెలియకపోతే అన్నానికీ అక్షరానికీ ఏం సంబంధమా అని తల గోక్కోవాల్సిందే.

ఇవన్నీ పెట్టినవాళ్లు తెలుగు మీద కోపంతో పెట్టలేదు. ఒక్కొక్కరూ తమ పనికి తగిన పేరు పెట్టుకున్నారు. కానీ మొదటిసారి కంప్యూటర్ ముందు కూర్చున్న విద్యార్థి ఈ పేర్లను ఊహించగలడా? మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదలు. "ఎల్10ఎన్ అంటే ఏమిటి నాన్నా" అని అడిగి తెలుసుకునే అవకాశం మాకు లేదు, మీలో చాలామందికీ లేదు. పేరు అర్థం కాకపోతే కొందరు ఇంట్లో అడుగుతారు, కొందరు ఆ పని అక్కడితో మానేస్తారు. అందుకే పేరు పెట్టడం చిన్న విషయం కాదంటున్నాం.

ఇంటిపేరు ముందా, వెనకా?

పేర్ల క్రమం మీద కూడా వాదన ఉంది. రెడ్‌హ్యాట్ సంస్థ భారతీయ లిపుల కోసం "లోహిత్" అనే ఫాంట్లను అందించింది. లోహితం అంటే ఎరుపు. సంస్థ పేరులోని ఎరుపునే సంస్కృతంలో పెట్టారన్నమాట. ఇందులోని తెలుగు ఫాంటును డెబియన్‌లో "ఫాంట్స్-లోహిత్-టెలు" అంటారు. ఫెడోరా అనే మరో డిస్ట్రిబ్యూషన్‌లో అదే ఫాంటు "లోహిత్-తెలుగు-ఫాంట్స్". సరుకు ఒకటే. ఒకరు జాతి పేరు ముందు పెట్టారు, ఒకరు వెనక పెట్టారు.

ఇది మనకు తేలిగ్గానే అర్థమవుతుంది. మనం గురజాడ అప్పారావు అంటాం. ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత. విదేశాల్లో సొంత పేరు ముందు, ఇంటిపేరు వెనక. హాజరుపట్టీని ఇంటిపేరుతో అక్షరక్రమంలో రాస్తే ఒక కుటుంబం వాళ్లంతా ఒకచోట వస్తారు. సొంత పేరుతో రాస్తే ఒక్కొక్కరూ ఒక్కోచోట ఉంటారు. డెబియన్ పద్ధతిలో ఫాంట్లన్నీ జాబితాలో ఒకే వరసలో కనిపిస్తాయి. ఫెడోరా పద్ధతిలో లోహిత్ కుటుంబం ఒకచోట కనిపిస్తుంది. ఏది మేలు అంటే, వెతికేవాడు దేన్ని తలచుకుని వెతుకుతాడన్న దాన్ని బట్టి ఉంటుంది. "ఫాంటు కావాలి" అనుకునేవాడికి మొదటిది. "లోహిత్ కావాలి" అని ముందే తెలిసినవాడికి రెండోది. మేమైతే తెలియనివాడి వైపే మొగ్గుతాం. తెలిసినవాడు ఎలాగైనా వెతుక్కుంటాడు.

డెబియన్‌లో ఈ పేర్లు మొదటి నుంచీ ఇలా లేవు. పాత రోజుల్లో తెలుగు ఫాంట్ల ప్యాకేజీ "టీటీఎఫ్-తెలుగు-ఫాంట్స్". టీటీఎఫ్ అంటే ట్రూటైప్, ఫాంటును ఫైలులో భద్రపరిచే ఒక పద్ధతి. తర్వాత ఓటీఎఫ్ అనే ఇంకో పద్ధతి వచ్చింది. మరి ఒకే ఫాంటు రెండు పద్ధతుల్లో ఉంటే ఏ పేరు పెట్టాలి? 2010 దాటాక తేల్చుకున్నదేమిటంటే, లోపల ఏ పద్ధతిలో ఉందన్నది వాడేవాడికి అనవసరం. వాడికి కావలసింది ఫాంటు. కనుక అన్నిటికీ ముందు "ఫాంట్స్" అనే పెట్టాలి. వస్తువు ఎలా తయారైందో కాకుండా ఏ పనికి వస్తుందో చెప్పేదే మంచి పేరు అన్న సూత్రం ఇక్కడ కనిపిస్తుంది.

పేరు మారిస్తే పాత పేరుకు అలవాటు పడినవాళ్ల సంగతి? దానికీ ఏర్పాటుంది. పాత పేరుతో ఒక ఖాళీ పొట్లాన్ని కొన్నాళ్లు ఉంచుతారు. అందులో సరుకు ఉండదు. "నేను ఫలానా పేరుకు మారాను" అన్న చీటీ మాత్రం ఉంటుంది. పాత పేరు అడిగినా కొత్తది వచ్చి చేరుతుంది. మన విశాఖపట్నం రైల్వే స్టేషన్ ఒకప్పుడు వాల్తేరు స్టేషన్. ఇప్పటికీ పెద్దవాళ్లు "వాల్తేరులో దిగాం" అంటే ఆటో అబ్బాయికి అర్థమవుతుంది. ఖాళీ పొట్లం చేసే పని అదే.

భాష వేరు, లిపి వేరు

"టెలు" అని సగంలో ఆపేశారేమిటి, "తెలుగు" అని పూర్తిగా పెట్టకూడదా అని మాకూ మొదట అనిపించింది. కానీ దీని వెనక మంచి కారణం ఉంది.

ప్రపంచంలోని భాషలకు ఒక సంకేతాల జాబితా ఉంది. అందులో తెలుగు భాష "టీఈ". లిపులకు వేరే జాబితా ఉంది. అందులో ప్రతి లిపికీ నాలుగు ఇంగ్లీషు అక్షరాలు. తెలుగు లిపికి "టెలు", కన్నడ లిపికి "కేఎన్‌డీఏ", దేవనాగరికి "దేవ". ఫాంటు అనేది భాషకు సంబంధించింది కాదు, లిపికి సంబంధించింది. దేవనాగరి ఫాంటు ఒక్కటే హిందీకి, మరాఠీకి, నేపాలీకి పనికొస్తుంది. దానికి "హిందీ ఫాంటు" అని పేరు పెడితే మరాఠీవాళ్లు ఏమంటారు? అందుకే డెబియన్‌లో ఫాంట్లకు లిపి సంకేతం, మెనూల అనువాదాలకు భాషా సంకేతం పెట్టారు.

"అది హిందీ సంగతి, తెలుగు లిపిలో రాసేది తెలుగు ఒక్కటే కదా" అనుకోవద్దు. మన పక్కనే చూడండి. అరకు, పాడేరు వైపు నుంచి వచ్చి మనతో చదువుకున్న మిత్రుల్లో ఇంట్లో కువి మాట్లాడేవాళ్లున్నారు, కొండ భాష మాట్లాడేవాళ్లున్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000ల మొదటి దశకంలో గిరిజన పిల్లలకు తల్లిభాషలో చదువు మొదలుపెట్టినప్పుడు గోండి, కోయ, కొలామి, కువి, సవర, కొండ, బంజారా, ఆదివాసీ ఒరియా అనే ఎనిమిది భాషల్లో వాచకాలు తయారుచేశారు. వాటికి వాడిన లిపి తెలుగే. అంటే తెలుగు లిపి తెలుగువాళ్ల ఒక్కరి సొత్తు కాదు. కువి పిల్లవాడి పుస్తకం అచ్చు వేయాలన్నా కావలసింది "ఫాంట్స్-టెలు" ప్యాకేజీయే. కానీ అతనికి "టీఈ" అనువాదం కాదు, తన భాషది కావాలి.

భాషనూ లిపినీ విడదీసి పేరు పెట్టడం వల్ల కలిగిన ఫలితం ఒకటి చెబుతాం. ఏ భాషలో తేదీలు ఎలా రాస్తారు, వారాల పేర్లేమిటి, అంకెలు ఎలా చూపాలి వంటి వివరాలను యూనికోడ్ సంస్థ ఒక పెద్ద భాండాగారంగా కూర్చి ఉంచింది. కంప్యూటర్లు, ఫోన్లు దానినే ఆధారం చేసుకుంటాయి. 2023లో అందులో కువి భాష చేరింది. కువిని దేవనాగరిలో, ఒడియా లిపిలో, ఇంగ్లీషు అక్షరాల్లో, తెలుగు లిపిలో రాసేవాళ్లున్నారు కాబట్టి నాలుగు గడులు పెట్టారు. అందులో ఒకదాని పేరు "కేఎక్స్‌వీ, టెలు": కువి భాష, తెలుగు లిపి. భాష, లిపి ఒకటేనని తేల్చేసి ఉంటే ఈ గడి ఉండేదే కాదు. నియమం రాసేటప్పుడు చిన్నవాళ్లను తలచుకుంటే తర్వాత వాళ్లకు చోటు దొరుకుతుంది. ముందు తలచుకోకపోతే, తర్వాత వెళ్లి బతిమాలుకోవాలి.

ఇద్దరు శ్రీనులు ఒకే గదిలో ఉంటే?

హాస్టల్లో ఒకే పేరున్నవాళ్లు ఇద్దరుంటే ఏం చేస్తాం? పెద్ద శ్రీను, చిన్న శ్రీను అంటాం. లేదా వాళ్ల ఊరి పేరు తగిలిస్తాం. కంప్యూటర్‌లో అది కుదరదు. ఒక ఆదేశం టైపు చేస్తే ఒక్క ప్రోగ్రామే పలకాలి.

డెబియన్‌లో సరిగ్గా ఇదే గొడవ వచ్చింది. హామ్ రేడియో వాళ్లు వాడే "నోడ్" అనే పాత ప్రోగ్రాం ఒకటి అందులో ఉండేది. 2009లో నోడ్‌జేఎస్ అనే కొత్త సాఫ్ట్‌వేర్ పుట్టింది. వెబ్‌సైట్లు తయారుచేసేవాళ్లలో అది విపరీతంగా పాకింది. దాని ఆదేశం పేరు కూడా "నోడ్". ఇద్దరిలో ఎవరు తప్పుకోవాలి? కొత్తదాన్ని లక్షల మంది వాడుతున్నారని ఒక వాదన. పాతది ముందు నుంచీ ఉంది, మంది ఎక్కువన్న కారణంతో దాని పేరు లాక్కోవడం న్యాయం కాదని ఇంకో వాదన.

హామ్ రేడియో అంటే ఏదో కాలక్షేపం అనుకునేరు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను మన విశాఖను ఊపేసి టవర్లు, తీగలు పోయినప్పుడు అటువంటి రేడియోవాళ్ల సేవలే అక్కరకు వచ్చాయి. తక్కువమంది వాడే వస్తువు తక్కువ అవసరమైనదని చెప్పలేం.

డెబియన్‌లో దీనికి ముందే ఒక నియమం ఉంది. వేర్వేరు పనులు చేసే రెండు ప్రోగ్రాములు ఒకే పేరు పెట్టుకోకూడదు. ఎవరు మార్చుకోవాలో మాట్లాడుకుని తేల్చుకోవాలి. తేలకపోతే ఇద్దరూ మార్చుకోవాలి. మాటలు తెగక ఈ తగువు సాంకేతిక సంఘం ముందుకు వెళ్లింది. 2012లో తీర్పు వచ్చింది. రేడియో ప్రోగ్రాం "ఏఎక్స్25-నోడ్" అయింది. కొత్తది "నోడ్‌జేఎస్" అన్న పేరుతో పలకాలి. పాత అలవాటు వదలలేనివాళ్ల కోసం విడిగా చిన్న ప్యాకేజీ పెట్టారు. ఆ తర్వాత కొన్నేళ్లకు "నోడ్" అన్న ఆదేశం నోడ్‌జేఎస్‌కే దక్కింది. చివరికి పెద్దదే గెలిచిందని కొందరు అనవచ్చు. కానీ మధ్యలో చిన్నవాళ్లకు సర్దుకునే గడువు దొరికింది. తీర్పుకు కారణాలు రాసి పెట్టారు. ఎవరైనా ఇప్పటికీ చదువుకోవచ్చు.

ఏ అరలో పెట్టాలి?

పేరు అయింది. ఇక వర్గం. డెబియన్‌లో ప్రతి ప్యాకేజీనీ ఒక విభాగంలో వేస్తారు. విద్య, ఆటలు, ఫాంట్లు, గణితం, ధ్వని, స్థానికీకరణ, ఇలా యాభైకి పైగా విభాగాలున్నాయి. ఒక ప్యాకేజీకి ఒక్కటే విభాగం. ప్యాకేజీ తయారుచేసినవాళ్లు ఒక విభాగం సూచిస్తారు. భాండాగారం చూసుకునేవాళ్లు దాన్ని మార్చవచ్చు.

చిక్కు ఎక్కడంటే, చిన్నపిల్లలకు ఆటలా తెలుగు టైపింగ్ నేర్పే సాఫ్ట్‌వేర్ ఒకటి తయారుచేశామనుకోండి. అది విద్యా? ఆటా? స్థానికీకరణా? ఆటల్లో వేస్తే మాస్టారు చూడరు. విద్యలో వేస్తే పిల్లలు చూడరు. తెలుగు ప్యాకేజీలన్నీ ఒకచోట చూడాలన్నా ఇదే ఇబ్బంది. ఫాంట్లు ఒక అరలో, మెనూ అనువాదాలు ఇంకో అరలో, అక్షరదోషాల పట్టీ మరో అరలో ఉంటాయి.

ఈ చిక్కు కంప్యూటర్ల కంటే పాతది. గ్రంథాలయాల్లో ఎప్పటి నుంచో ఉంది. "ఆంధ్రదేశంలో వరి సాగు చరిత్ర" అనే పుస్తకాన్ని వ్యవసాయంలో పెట్టాలా, చరిత్రలో పెట్టాలా, ఆంధ్రదేశం అన్న అరలో పెట్టాలా? దీనికి మన పొరుగున మద్రాసు విశ్వవిద్యాలయంలో గ్రంథాలయాధికారిగా పని చేసిన ఎస్.ఆర్. రంగనాథన్ 1933లో ఒక దారి చూపించారు. దాన్ని కోలన్ వర్గీకరణ అంటారు. ఒక వస్తువును ఒకే పెట్టెలో కుక్కకండి. దానికి ఎన్ని ముఖాలున్నాయో చూడండి, ఒక్కో ముఖానికి ఒక్కో గుర్తు ఇవ్వండి, ఆ గుర్తులన్నీ కలిపి దాని చిరునామా చేయండి అన్నది అందులోని ఆలోచన.

2000ల మొదట్లో ఇటలీకి చెందిన ఎన్రికో జీని డెబియన్ ప్యాకేజీలకు "డెబ్‌ట్యాగ్స్" అనే పద్ధతి మొదలుపెట్టినప్పుడు ఇదే ఆలోచన మీద కట్టారు. ఆ పద్ధతిలో ఒక ప్యాకేజీకి ఎన్ని గుర్తులైనా ఉండవచ్చు. అది ప్రోగ్రామా, సమాచారమా? తెర మీద కిటికీలా తెరుచుకునేదా, ఆదేశంతో నడిచేదా? ఏ ప్రజల సంస్కృతికి సంబంధించింది? ఏ పనికి? అప్పుడు మన టైపింగ్ ఆట ఆటల్లోనూ దొరుకుతుంది, విద్యలోనూ దొరుకుతుంది, తెలుగులోనూ దొరుకుతుంది. మద్రాసు గ్రంథాలయంలో పుట్టిన ఆలోచన ఇటలీ ప్రోగ్రామర్ చేతి మీదుగా లినక్స్‌లోకి వచ్చింది. మనిషి విషయంలోనూ అంతే. ఒక్క గడి మనల్ని పూర్తిగా చెప్పలేదు. ఆ గడి అవసరమే, కానీ మన మీద ఉండాల్సిన గుర్తు అదొక్కటే కాదు.

స్వేచ్ఛా, ఉచితమా?

చివరిగా అన్నిటికంటే పెద్ద వాదన. డెబియన్ భాండాగారాన్ని పై స్థాయిలో భాగాలు చేసి ఉంచారు. మొదటిది "మెయిన్". సోర్స్ కోడ్ తెరిచి ఉండి, మార్చుకునే, పంచుకునే హక్కు ఉన్నవే అందులోకి వస్తాయి. ఆ హక్కు లేనివి "నాన్-ఫ్రీ". తాము స్వేచ్ఛగా ఉన్నా, అలాంటి వాటి మీద ఆధారపడేవి "కాంట్రిబ్". ఈ గీత ఎక్కడ గీయాలో 1997లో డెబియన్ తన సామాజిక ఒప్పందంలో రాసుకుంది.

దీనివల్ల ఒక తంటా వచ్చింది. చాలా ల్యాప్‌టాప్‌లలో వైఫై పని చేయాలంటే ఫర్మ్‌వేర్ అనే చిన్న ఫైలు కావాలి. దాని సోర్స్ కోడ్‌ను తయారీదారులు ఇవ్వరు. కనుక అది నాన్-ఫ్రీలో ఉండేది, అధికారికంగా ఇచ్చే ఇన్‌స్టాలర్‌లో ఉండేది కాదు. సూత్రం నిలబడింది, కానీ సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్‌లో డెబియన్ వేసుకున్న విద్యార్థికి ఇంటర్నెట్ రాలేదు. సూత్రం గొప్పదా, విద్యార్థి ఇబ్బంది గొప్పదా అని ఏళ్ల తరబడి వాదించుకున్నారు. 2022లో డెబియన్ సభ్యులు ఓటు వేసి తేల్చారు. ఫర్మ్‌వేర్ కోసం "నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్" అనే కొత్త గడి పెట్టి, దాన్ని ఇన్‌స్టాలర్‌లో చేర్చారు. డెబియన్ 12 అలాగే వచ్చింది. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ఫర్మ్‌వేర్‌ను ఉన్నట్టుండి "స్వేచ్ఛ గలది" అని పిలవలేదు. పేరులో నిజం దాచలేదు. వాడుకునే దారి మాత్రం తెరిచారు.

ఇంగ్లీషులో "ఫ్రీ" అన్న మాటకు రెండర్థాలు. డబ్బు లేకుండా వచ్చేది ఒకటి, స్వేచ్ఛ గలది ఇంకొకటి. అందుకని అక్కడ ప్రతిసారీ ఇది ఏ ఫ్రీ అని విడమరిచి చెప్పుకోవాలి. తెలుగులో ఆ బాధ లేదు. మనకు "ఉచితం" వేరు, "స్వేచ్ఛ" వేరు. 2005లో మనవాళ్లు తమ ఆపరేటింగ్ సిస్టమ్‌కు "స్వేచ్ఛ" అని పేరు పెట్టడంతో ఇంగ్లీషులో పేజీలు పేజీలు రాసి చెప్పాల్సిన సంగతి ఒక్క మాటలో తేలిపోయింది. ఈ తేడా మనకు బాగా తెలుసు. మన హాస్టల్ భోజనాన్ని చూసినవాళ్లు "ఉచితం" అంటారు. మనం "హక్కు" అంటాం. పళ్లెంలో ఉన్న అన్నం ఒకటే. ఏ పేరుతో పిలుస్తామన్న దాన్ని బట్టి తల దించుకుని తింటామో, తల ఎత్తుకుని తింటామో తేలుతుంది.

మన వంతు ఏమిటి?

ఇదంతా చదివి "మనకెందుకు, పెద్ద పెద్ద ఇంజనీర్లు చూసుకుంటారు" అనుకోకండి. డెబియన్‌లో ఒక పేరు బాగా లేదనిపిస్తే, ఒక వివరం తప్పుగా ఉందనిపిస్తే ఎవరైనా ఈమెయిల్‌తో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. డిగ్రీ అడగరు, ఊరు అడగరు, కేటగిరీ గడి అసలే లేదు. ఫిర్యాదూ దానికి వచ్చిన జవాబులూ అందరికీ కనిపిస్తాయి. ఒప్పుకోవాలని లేదు. కానీ ఒప్పుకోకపోతే ఎందుకో చెబుతారు.

ప్యాకేజీ పేరు తెలుగు లిపిలో ఉండకూడదన్న నియమం ఉంది కానీ, దాని వివరణ తెలుగులో ఉండకూడదన్న నియమం లేదు. చీటీ మీద ఆ పొట్లంలో ఏముందో చెప్పే నాలుగు వాక్యాలను అన్ని భాషల్లోకి అనువదించడానికి డెబియన్‌లో ప్రత్యేకంగా ఒక ప్రాజెక్టే ఉంది. పొట్లాల కోసం వెతికేటప్పుడు కంప్యూటర్ పేరుతో పాటు ఆ వివరణను కూడా చూస్తుంది. పేరు "ఎం17ఎన్" అయినా, వివరణలో "దీనితో తెలుగులో టైపు చేయవచ్చు" అని ఒక్క వాక్యం ఉంటే తెలుగు విద్యార్థికి అది దొరుకుతుంది. ఆ వాక్యం రాయడానికి ప్రోగ్రామింగ్ అక్కర్లేదు. మంచి తెలుగు రావాలి, కొంచెం ఇంగ్లీషు అర్థం కావాలి. పదో తరగతి తమ్ముళ్లు కూడా చేయగలరు. కువి, కొండ, సవర తెలిసిన మిత్రులైతే ఇంకెవరూ చేయలేని పని చేయగలరు.

అనువదించేటప్పుడు మన మధ్యే వాదనలొస్తాయి. ఫైలును "ఫైలు" అందామా, "దస్త్రం" అందామా? బ్రౌజర్‌ను "విహారిణి" అంటే మన నాయనమ్మకు తెలుస్తుందా? "దస్త్రం" కూడా ఒకప్పుడు పారశీకం నుంచి వచ్చి మన కరణాల లెక్కల్లో స్థిరపడ్డ మాటే. కాబట్టి తొందరపడి ఏ పక్షానా నిలబడవద్దు. పదిమందినీ అడగండి. వాడేవాడికి ఏది అందుతుందో చూడండి. ఏ మాట ఎందుకు ఎంచుకున్నారో రాసి పెట్టండి, రేపు ఇంకొకరు వచ్చి ప్రశ్నించడానికి వీలుంటుంది.

అన్నలకు ఒక మనవి. మీ దగ్గర పక్కన పడేసిన పాత ల్యాప్‌టాప్ ఏదైనా ఉంటే హాస్టల్‌కు ఇవ్వండి. పాత యంత్రాల మీద కూడా లినక్స్ బాగానే నడుస్తుంది. తమ్ముళ్లకు ఒక సూచన. అది చేతికి రాగానే "ఫాంట్స్-టెలు", "ఐబస్-ఎం17ఎన్" వేసుకోండి. తెలుగులో మీ పేరు టైపు చేయండి, ఇంటిపేరు ముందు పెట్టి. ఆ తర్వాత ఏదో ఒక ప్యాకేజీ వివరణ తెరిచి, మొదటి వాక్యం తెలుగులో రాయడం మొదలుపెట్టండి.